ముగ్గురికి ఒకటే సంచీ

నమోదు 1

"ఈరోజు సంచీలోంచి ఏం తీసేశారు? ఎందుకు తీసేశారు?" అని ఈ పలక అడుగుతోంది. కుటుంబానికో పలక ఇచ్చి, తీసేసిన ప్రతిదానికీ కారణం రాసి 'పంపు' మీట నొక్కమన్నారు. అవతల చదివేది మనిషో యంత్రమో చెప్పలేదు. ఎవరైతే నాకేం? రాయమన్నారు, రాస్తున్నాను. మా అక్క మొదలుపెడితే ఆపడం కష్టమని నా తమ్ముడు ముందే హెచ్చరించాడు. వినకుండా పలక నా చేతికిచ్చింది మీరే.

నా పేరు నాంచారమ్మ. మాది దివిసీమ. మా ఇంటి మీదుగా ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి కాబట్టి మాది అనడం కూడా అలవాటు కొద్దీ అంటున్న మాటే. సముద్రం తెనాలి దాకా వచ్చాక మమ్మల్నందరినీ గుంటూరు పక్కన ఒక పాత మిర్చి కోల్డ్ స్టోరేజీలో దించారు. మిర్చి పోయి ఎన్నేళ్ళయిందో గానీ ఘాటు గోడల్లోనే ఉంది. లోపలికొచ్చిన ప్రతివాడూ ముందు తుమ్ముతాడు, తర్వాత పలకరిస్తాడు.

ఇక్కడినుంచి చలిదేశానికి పంపిస్తారు. దాని అసలు పేరుకి నోరు తిరగదు, అందరం చలిదేశం అనే అంటున్నాం. తీసుకెళ్ళేది ఎండతో నడిచే విమానం. రెక్కలే గానీ ఒళ్ళు లేదు దానికి, అందుకని జనం తూనీగ అని పేరు పెట్టారు. అది లేవాలంటే పడమటి గాలి రావాలి, లోపల బరువు తక్కువుండాలి.

బరువు చూడటానికి గుమ్మంలో కాటా ఉంది. ఒకప్పుడు మిర్చి బస్తాలు తూచిన కాటానే, దానికి రెండు దీపాలు తగిలించారు. కుటుంబం మొత్తం సంచీతో సహా దాని మీద ఎక్కి నిలబడాలి. మనుషులూ సామానూ కలిపి ఒకటే లెక్క. పచ్చదీపం వెలిగితే సరే. ఎర్రదీపం వెలిగితే దిగి, ఏదో ఒకటి తీసేసి, మళ్ళీ ఎక్కాలి. ముగ్గురికి కలిపి ఒకటే సంచీ, అదీ ఒళ్ళో పట్టేంతది. తీసేసినవి గోడౌను వెనక కుప్ప పోస్తున్నారు.

మేం ముగ్గురం. నేను, నా తమ్ముడు పాండురంగ, వాడి భార్య తాయారు. పాండు పడవ ఇంజన్లు బాగుచేస్తాడు. చలిదేశం వాళ్ళు మమ్మల్ని రానిస్తున్నది వాడి చేతిపని చూసే. తాయారుకి ఐదో నెల. నాకు ఎవరూ లేరు, వీళ్ళే ఉన్నారు.

సంచీ సర్దడం గురించి నాకు చెప్పేవాడు ఇంకా పుట్టలేదు. విమానాలు బాగా తిరిగే రోజుల్లో బెజవాడలో పరదేశాలకెళ్ళేవాళ్ళకి సామాను సర్దిపెట్టే కొట్టు నడిపాను. ఇక్కడ దిగిన గంటకే ఆ సంగతి గోడౌనంతా తెలిసిపోయింది, వరసకట్టి నా దగ్గరికొస్తున్నారు. అందరికీ ఒకటే చెప్పాను. పనికొస్తుందేమో అనిపించిన ప్రతిదీ తీసెయ్యండి. తప్పకుండా పనికొస్తుంది అనిపించినవాటిలో సగం తీసెయ్యండి. గాజు వద్దు, పగులుతుంది. పాతగుడ్డలు వద్దు, నూలు బరువు. పచ్చళ్ళు వద్దు, విత్తనాలు వద్దు, అక్కడ రానివ్వరు. ఒక్క పనికి మాత్రమే వచ్చే వస్తువుని గడప దాటనివ్వకండి, రెండు పనులకొస్తేనే సంచీలోకి. విన్నవాళ్ళందరికీ ఇవాళ పచ్చదీపం వెలిగింది. నాకు కొంచెం గర్వంగానే ఉంది, దాచను.

మాకూ వెలిగింది. తీసేసినది: మా అమ్మ పాత చీర. కట్టీ కట్టీ, ఉతికీ ఉతికీ వెన్నలా అయిపోయిన నూలు చీర. తాయారు దాన్ని మడతపెట్టి సంచీ అడుగున దాచింది. ఎందుకే ఇది అంటే పలకదు, తల వంచుకుంటుంది. కారణం: చిరిగింది, కట్టుకోవడానికి పనికిరాదు.

ఆ తర్వాత ముంజేతికి పట్టీలు వేశారు. ఒక్కో మనిషికి ఒక్కో పట్టీ, దాని మీద పేరూ ఒక అంకే, అంతే. పట్టీలు వేసే అమ్మాయి షహీన్, కాటా దగ్గర కూర్చునేదీ ఆ పిల్లే. "పుట్టబోయేవాళ్ళు ఎవరన్నా ఉన్నారా పెద్దమ్మా? ఉంటే ఇప్పుడే చెప్పండి, తర్వాత రాయటం నా చేతుల్లో లేదు" అంది. తాయారు నా మొహం చూసింది. నేను పాండు మొహం చూశాను. కడుపులో బిడ్డని పుట్టకముందే లెక్కలో రాయించడం మా ఇంటా వంటా లేదు. ఉయ్యాల తేము, చొక్కా కుట్టించం, పేరు అనుకోం. దిష్టి కదా.

"ముగ్గురమేనమ్మా" అన్నాను. మూడు పట్టీలు వేసింది.

నమోదు 2

గాలి రాలేదు. తూనీగ మైదానంలో కూర్చుని రెక్కలు ఎండబెట్టుకుంటోంది. ఎన్నాళ్ళమ్మా వాయిదా అని అడిగితే షహీన్ "గాలినడగండి పెద్దమ్మా" అంది. పొగరుతో అన్న మాట కాదు, పాపం దానికీ తెలియదు.

వాయిదా పడినప్పుడల్లా మళ్ళీ కాటా ఎక్కాలట. ఎక్కాం. ఎర్రదీపం.

మొన్న పచ్చదీపం వెలిగిన సంచీనే, అందులో పూచికపుల్ల కూడా కొత్తగా పెట్టలేదు. నేను తాయారు వంక చూశాను. పాండు గబుక్కున పొట్ట లోపలికి పీల్చాడు, దాంతో బరువు తగ్గుతుందనుకున్నాడు కాబోలు.

"ఏం తింటన్నావే నువ్వు?" అన్నాను.

"మీరు పెట్టిందే గదొదినా. వద్దు వద్దంటన్నా మీ వాటా కూడా నా పళ్ళెంలోనే పోస్తిరి" అంది తాయారు. అది నిజం. కడుపుతో ఉన్న పిల్ల ఎదురుగా కూర్చుంటే నాకు ముద్ద దిగదు.

తీసేసినది: అట్లపెనం. తాయారు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, ఇనుము. నేను తీస్తుంటే రెండో పక్క పట్టుకుని లాగింది.

"పెనం లేకపోతే అక్కడ అట్టెట్టా పోసుకుంటాం?"

"పోసుకోం. అట్లు తినకపోతే చస్తామా?"

"మీరు చావరు. మీకు దేని మీదా మమకారం లేదు" అంది.

ఆ మాట నాకు గట్టిగానే తగిలింది. అయినా పెనం కుప్పలోకే పోయింది. కారణం: బరువు. ఇంకేం రాయమంటారు?

నమోదు 3

మళ్ళీ వాయిదా. మళ్ళీ కాటా. మళ్ళీ ఎరుపు.

ఇప్పుడు నాకు లెక్క అర్థమైంది. ఈ లెక్కలో మేం గెలవడం జరగదు. బిడ్డ పెరిగినంత మేరా సంచీ తరగాలి. గాలి ఎన్నాళ్ళు రాకపోతే అంత సంచీ పోతుంది. బిడ్డని ఎదగొద్దని చెప్పలేం, గాలిని రమ్మని చెప్పలేం, కాటాతో వాదించలేం. నేను మాత్రం వాదించాను. "ఇది తప్పు తూగుతోంది, మా పాండు ఇంత లేడు" అన్నాను. షహీన్ లేచొచ్చి, తనే కాటా ఎక్కి చూపించింది. సరిగ్గానే తూగింది.

తీసేసినవి: నా రెండో చీర, తాయారు రెండో జత, దుప్పటి, పాండు చెప్పులు, సబ్బుపెట్టె, అద్దం. అయినా ఎరుపే. అప్పుడు పాండు పానాల కట్ట మీద చెయ్యి వేశాను.

"అక్కా, అయ్యి లేకపోతే అక్కడ నేనేం పని చెయ్యాలి? చేతుల్తో బోల్టులు తిప్పమంటావా?" అన్నాడు. వాడు నా ముందు గొంతు పెంచడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. పానాల్లో నాలుగు ఉంచి మిగతావి తీసేశాను. ఏ నాలుగు ఉంచాలో వాణ్ణే చెప్పమన్నాను. వాడు వాటిని నేల మీద వరసగా పరుచుకుని అలా కూర్చుండిపోయాడు. చూడలేక లేచి వెళ్ళిపోయాను.

చదివే నాయనా, నువ్వు మనిషివైతే ఒక్క మాట రాయి. కడుపుతో ఉన్న మనిషికి కాటాలో కొంచెం సడలింపు ఇవ్వకూడదా? రాసి పంపాను. వెంటనే జవాబొచ్చింది. "అందింది. ధన్యవాదాలు." ఎప్పుడు ఏం పంపినా ఇదే.

నమోదు 4

ఆడవాళ్ళం అంతా కలిసి మా కొంప మేమే ముంచుకున్నాం.

తాయారుకి ఏడో నెల దాటుతోంది. ఇంత మంది ముత్తయిదువలం ఉండి పిల్లకి శ్రీమంతం చెయ్యకపోతే ఎట్టా అని అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన దుర్గాంబగారు మొదలుపెట్టింది. నేను వద్దన్నాను. నా మాట ఎవరు వింటారు? వంటశాలలో బియ్యప్పిండి అడిగారు, బెల్లం అడిగారు, చలిమిడి చేశారు. గాజులు ఎక్కడివీ అంటే, కుప్పలోవి! నేను తీసెయ్యమన్న గాజులన్నీ అక్కడే ఉన్నాయి కదా. పోయి ఏరుకొచ్చి, కడిగి, ఎవరి గాజులు వాళ్ళే తీసుకొచ్చి తాయారు చేతులకి తొడిగారు. ఎరుపూ ఆకుపచ్చా పసుపూ, మోచేతి దాకా. ఒక్కొక్కరూ ఒక ముద్ద చలిమిడి నోట్లో పెట్టారు. నేనూ పెట్టాను. నవ్వుకున్నాం, పాటలు పాడుకున్నాం. మిర్చి ఘాటుకి కళ్ళ నీళ్ళో, వేరే నీళ్ళో తెలియలేదు.

తాయారు ఆ రోజు ఎంత అందంగా ఉందో! ఆ ముక్క తన ముందు అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే కాటాకి పిలిచారు. ఎరుపు. ఒట్టి ఎరుపు కాదు, గంట కూడా మోగింది.

"గాజులు తియ్యవే" అన్నాను.

"హవ్వ! కడుపుతో ఉన్నప్పుడు శ్రీమంతం గాజులు తీస్తారా వదినా? మీరేనా ఆ మాటనేది?" అని రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. చుట్టూ ఆడవాళ్ళు నన్ను చూసిన చూపు చూడాలి, నేనేదో పాపం చేసినట్టు. దుర్గాంబగారైతే "గాజుల జోలికొచ్చావంటే ఊరుకోను నాంచారమ్మా" అని అడ్డం నిలబడింది. నిజం చెప్పొద్దూ, తియ్యమని అన్నానే గానీ తీస్తానంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని.

అందుకని నేను నర్సు దగ్గరికి పోయి కత్తెర అడిగాను. నా జుట్టు మోకాళ్ళ దాకా ఉండేది, మా ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. తిరుపతికి మొక్కుకుని ఇవ్వకుండా వాయిదా వేస్తూ వచ్చిన జుట్టు. చివరికి కాటాకిచ్చాను. తలంతా చల్లగా అయిపోయింది. పాండు చూసి ఏడ్చాడు. తాయారు ఏడవలేదు, దగ్గరికొచ్చి ఆ గాజుల చేత్తో నా తల నిమిరింది. మళ్ళీ ఎక్కితే పచ్చదీపం వెలిగింది.

తీసేసినది: జుట్టు. కారణం: గాజులు.

నమోదు 5

సంచీలో ఇప్పుడు ఏముందంటే, నాలుగు పానాలు, తాయారు మందులు, ఒక తువ్వాలు, అంతే. ఇంత తేలిక సంచీ నా వృత్తిలోనే సర్దలేదు. గర్వంగా ఉందా అని అడగకండి.

ఇన్నాళ్ళూ బరువు గురించే చచ్చాం. ఈరోజు వేరే సంగతి తెలిసింది. తూనీగ ఈ నెలా లేవకపోతే తాయారుకి ఇక్కడే కాన్పవుతుంది కదా, అప్పుడెట్టా అని షహీన్ని మామూలుగా అడిగాను. ఆ పిల్ల కలం కింద పెట్టింది.

"పెద్దమ్మా, లోపలున్నంత వరకూ బిడ్డ బరువు కింద లెక్క. బయటికొచ్చిందంటే మనిషి కింద లెక్క. మీవి మూడు పట్టీలు. ఆ రోజు అడిగాను గదా, ముగ్గురమే అన్నారు."

"ఇప్పుడు నలుగురం అంటున్నాను. రాయి."

"జాబితా చలిదేశం వాళ్ళ దగ్గర మూసేశారు. నేను తెరవలేను. నా పైవాళ్ళు కూడా తెరవలేరు."

"పసిగుడ్డుని ఇక్కడ పారేసి పొమ్మంటావా?"

"నేనెందుకంటాను పెద్దమ్మా!" అని ఆ పిల్లే ఏడ్చేసింది. "మీ కుటుంబం ఈ గాలికి పోకపోతే మూడు పట్టీలూ చెల్లవు. వచ్చే గాలికాలం దాకా ఈ గోడౌను ఉంటుందో, ఉండదో. నీళ్ళు పక్కనున్న చేబ్రోలు దాటాయంటన్నారు."

ఇన్నాళ్ళూ ఆ బిడ్డ పెరుగుతోందని కాటా మీద నిలబడి తిట్టుకున్నాను. ఇప్పుడు లోపలే ఉండు తల్లీ, రాకు తల్లీ అని బతిమాలుకుంటున్నాను. తాయారుకి చెప్పాను. చెప్పకుండా ఎట్లా? తాయారు రెండు చేతులతో కడుపు కింద పట్టుకుని, బిడ్డ జారిపోతుందేమో అన్నట్టు కూర్చుంది. అప్పటినుంచి నడవడం లేదు, గట్టిగా తుమ్మడానికి కూడా భయపడుతోంది. ఈ మిర్చి కొంపలో తుమ్మకుండా ఉండటం మనిషివల్ల అయ్యే పనేనా?

ఈరోజు ఏమీ తీసెయ్యలేదు. ఒక మాట చేర్చాలి. మేం నలుగురం. నలుగురం. ఇంతకుముందు చెప్పనిది పొగరుతో కాదు, మోసంతో కాదు, మాకు అది అలవాటు లేక. మనిషెవరైనా ఉంటే దయచేసి చదవండి.

"అందింది. ధన్యవాదాలు."

నమోదు 6

గాలి వచ్చింది!

పొద్దున గోడౌను రేకులు దడదడలాడాయి. అందరం బయటికి పరుగెత్తాం. పడమటి గాలే. దుర్గాంబగారు చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఎండ నడినెత్తికి వచ్చేసరికి తూనీగ లేస్తుంది, వరసలో నిలబడండి అని మైకులో చెప్పారు. పాండు తాయారుని భుజం పట్టి లేపాడు. నేను సంచీ అందుకున్నాను.

తాయారు లేచి రెండడుగులు వేసి నా చెయ్యి పట్టుకుంది. గాజులు నా మణికట్టులో గుచ్చుకున్నాయి.

"వదినా, నొప్పులు."

"కావు" అన్నాను. "అవి నొప్పులు కావు. పొద్దున తిన్న ఉప్మా."

"ఉప్మా కాదొదినా."

నాకు తెలుసు. ఇది వరసలో నిలబడి రాస్తున్నాను. నర్సు వస్తోంది. ముందు ఇంకా చాలా కుటుంబాలున్నాయి. మా వంతు వచ్చేదాకా ఆగు తల్లీ. కాసేపు ఆగు. నీ మేనత్తని, చెప్తున్నాను, కాసేపు ఆగు.

నమోదు 7

ఇది రాస్తున్నాను గానీ పంపను. పంపు మీట నొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు.

బిడ్డ ఆగలేదు. ఎందుకాగుతుంది, మా రక్తం కదా. వరస పక్కనే చీరలు అడ్డం పట్టి కాన్పు చేశారు. ఆడపిల్ల. గట్టి గొంతు. పుట్టగానే తుమ్మింది. అంత బాధలోనూ తాయారు పిల్ల మొహం చూసి, నా మొహం చూసి, "అయ్యో, అచ్చం మేనత్త పోలికే, ఇంక నా గతి ఏంగాను" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

"పాతగుడ్డ ఇవ్వండమ్మా, మెత్తటిది" అంది నర్సు.

పసిబిడ్డని మొదట పాత నూలుగుడ్డలోనే చుట్టాలి. కొత్తబట్ట వెయ్యకూడదు, ఒరుసుకుంటుంది. అందరూ సంచీలు తెరిచారు. ఒక్క సంచీలోనూ పాతగుడ్డ లేదు. అందరివీ జారిపోయే కొత్త బట్టలు, గాలికన్నా తేలికైనవి. మా తువ్వాలు చూస్తే గరుకు. పాతవి తీసెయ్యమని ఇంటింటికీ చెప్పింది ఎవరు? నేను. అందరూ నా మాట బుద్ధిగా విన్నారు.

గోడౌను వెనక్కి పరుగెత్తాను. కుప్ప నా నడుం దాకా వచ్చింది. రోళ్ళు, ఫొటో ఫ్రేములు, తంబూరా, పీటలు, పచ్చడి జాడీలు, ఎవరిదో కట్టుడు పళ్ళ సెట్టు. అన్నిటినీ తోసుకుంటూ వెతికాను. తాయారు అమ్మాయీ, అప్పుడు తల వంచుకుని ఎందుకు దాచావో ఇప్పుడు తెలిసింది, నోరు తెరిచి ఒక్క మాట అనకూడదా అనుకుంటూ వెతికాను. అననిది తన తప్పు కాదు. అనకూడదు కదా. చీర అడుగున దొరికింది, పెనం కింద. దులిపితే మిర్చి ఘాటు. బిడ్డని దాంట్లో చుట్టాం, ఊరుకుంది.

మా వంతు వచ్చింది. కాటా ఎక్కాం. పచ్చదీపం! కాన్పుతో బరువు తగ్గింది కదా, ఇన్నాళ్ళలో అంత పచ్చగా ఎప్పుడూ వెలగలేదు. పాండు పిచ్చివాడిలా "పచ్చ, పచ్చ" అని అరిచాడు.

షహీన్ తల ఎత్తలేదు. "బరువు సరిపోయింది పెద్దమ్మా. తలలు నాలుగున్నాయి."

పాండు చేతి పట్టీ విప్పబోయాడు. "అక్కా, నేనుంటా. మీరు పోండి."

"చెంప పగులుద్ది వెధవా. వాళ్ళు రమ్మంటున్నదే నీ చేతులు చూసి. నువ్వు లేకుండా దిగితే మమ్మల్ని అట్నుంచి అటే తిప్పి పంపరా?"

తాయారు బిడ్డని ఇంకా గట్టిగా పట్టుకుంది, ఎవరో లాక్కుంటారన్నట్టు. ఆ పిల్లకి పాలివ్వాల్సింది తను. వాడు కావాలి, తను కావాలి, బిడ్డ కావాలి. మిగిలింది సంచీ సర్దడం తప్ప ఇంకో పని రాని మనిషి. ఒక్క పనికి మాత్రమే వచ్చేదాన్ని గడప దాటనివ్వొద్దని గోడౌనంతా చాటింది నేనే. గొప్ప మనసుతో చేశానని ఎవరూ అనుకోవద్దు. ఇంకో దారి కోసం ఆ కాటా మీద నిలబడి ఎంత వెతికానో నాకు తెలుసు. దొరకలేదు. నాకూ వెళ్ళాలనే ఉంది.

నా పట్టీ తీసి షహీన్ ముందు పెట్టాను. "ఇది పిల్లకి వెయ్యి."

"దీని మీద మీ పేరుంది పెద్దమ్మా."

"పదకొండో రోజు దాకా మేం పేరు పెట్టం. పేరు లేకుండా మీరు పంపరు. అందాకా నా పేరు వాడుకుంటుంది. వయసు రాసే చోటు దాని మీద ఎటూ లేదు కదా."

షహీన్ నన్ను చూసింది, బిడ్డని చూసింది. తర్వాత పట్టీని అంత చిన్న చేతికి రెండు చుట్లు తిప్పి బిగించింది. గుమ్మంలో పట్టీలు చదివే యంత్రం "నాంచారమ్మ, సరే" అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను దిగిపోయాను కదా, నా బరువంతా ఖాళీ! "ఆగండి" అని అరిచి మళ్ళీ కుప్ప దగ్గరికి పరుగెత్తాను. అట్లపెనం పట్టుకొచ్చాను. పానాలన్నీ పట్టుకొచ్చాను. దుప్పటి, అద్దం, సబ్బుపెట్టె, చెప్పులు, తాయారు రెండో జత, అన్నీ కుక్కాను. జన్మలో అంత ఘోరంగా సర్దలేదు. సంచీ మూత పడలేదు. మోకాలు వేసి నొక్కాను, పాండు లాగాడు, అయినా పెనం పిడి బయటికే ఉండిపోయింది. కాటా మీద పెడితే పచ్చదీపమే. ఎంత పెట్టినా పచ్చదీపమే.

"చాలొదినా" అంది తాయారు. "చాలు, ఇంకేం పెట్టకండి." ఆ తర్వాత, "మీకు దేని మీదా మమకారం లేదన్నాను" అని ఏదో చెప్పబోయింది. గాజుల చేతులతో నా మొహం పట్టుకుంది.

మేనత్తగా పదకొండో రోజు ఆ పిల్లని ఉయ్యాల్లో వెయ్యాల్సింది నేను. పురిటి గది కూడా లేకుండా, పుట్టిన పూటే బాలింతని ఎండలో నడిపించి పంపించాను. తూనీగ గాల్లోకి లేచాక కూడా చాలాసేపు కనబడింది. మా మరదలు కిటికీలోంచి చెయ్యి ఊపి ఉంటుంది, ఆ గాజులు మెరిసి ఉంటాయి. అంత దూరం నాకు ఆనలేదు.

ఇంకో పట్టీ రాయించుకుందామంటే నా పేరుతో మనిషి వెళ్ళిపోయినట్టే లెక్క. పలక వాళ్ళతో పోవాల్సింది, హడావిడిలో నా నడుంలోనే ఉండిపోయింది. షహీన్ కూడా చూడలేదు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఈ పూట అడగలేదు.

నమోదు 8

ఈరోజు పలక దానంతట అదే వెలిగింది.

"నాంచారమ్మ గారూ, కొత్త దేశానికి స్వాగతం. క్షేమంగా చేరారా? మీకు ఎలా ఉందో స్వయంగా రాయండి. జవాబు రాని పట్టీలు రద్దవుతాయి. ఇకనుంచి మీరు రాసేది మనుషులు చదువుతారు."

మనుషులు చదువుతారట. ఇన్నాళ్ళూ గొంతు చించుకుంటే "అందింది" అన్నవాళ్ళు ఇప్పుడు చదువుతారట. చెప్పాల్సింది ఎంతుందో! నేను ఇక్కడే ఉన్నాను బాబూ, గుంటూరు పక్కన మిర్చి గోడౌనులో, మిగిలినవాళ్ళం కొంతమందిమి ఉన్నాం, పొద్దున గుమ్మం దగ్గర నేల తడిగా ఉంది అని ఒక్కసారి రాస్తే మనిషెవరో చదువుతాడు. మీట మీద వేలు పెట్టి, తీసేశాను.

ఆ పిల్ల పేరు నిలవాలంటే నేను చలిదేశంలో ఉండాలి. ఎప్పుడూ చూడని చోటు ఎలా ఉంటుందని రాయాలి? చివరికి తోచింది రాసి, పంపు నొక్కాను. పంపింది ఇది.

"చేరాను. చలిగానే ఉంది. మెత్తటి పాత చీర ఒకటి వెంట తెచ్చుకున్నాను, అందులో వెచ్చగా పడుకున్నాను. ఇబ్బంది ఏమీ లేదు."